కుప్ప మీద మనిషి, వాయవ్యాన మబ్బు

ఎండాకాలం సాయంత్రం మబ్బు పట్టి చల్లగాలి కొట్టగానే "అబ్బ, ప్రాణం లేచొచ్చిందండీ" అనేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ చల్లదనం ఎక్కణ్ణించి వచ్చిందో తెలిస్తే ఆ మాట అనరు.

నేను ఏలూరులో స్కూల్ ఫైనల్ దాకా చదివాను. పందొమ్మిదివందల యాభైల్లో పెంటపాడు దగ్గర ఓ రైతు ఇంటికి కోడలిగా వెళ్ళేసరికి ఆ చదువు నాకు గుదిబండ అయి కూర్చుంది. నోరు విప్పితే చాలు, "ఏలూరు పంతులమ్మ మొదలెట్టిందండోయ్" అనేవారు మామగారు, పనివాళ్ళందరూ వినేలా. పైగా నవ్వొకటి. ఆ నవ్వు చూస్తే అరికాలి మంట నెత్తికెక్కేది.

పిడుగుల మబ్బు ఎలా పుడుతుందో మా సైన్సు టీచరమ్మ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. మే నెల ఎండకి నేల పెనంలా కాలుతుంది. నేలని ఆనుకున్న గాలి వేడెక్కి తేలికై పైకి లేస్తుంది. అది పొడిగాలి అయితే ఏ గొడవా లేదు. కానీ మా వైపు సముద్రం మీంచీ కొల్లేటి మీంచీ పైరగాలి తేమంతా మోసుకొస్తుంది. ఆ తడిగాలి పైకి పోయేకొద్దీ చల్లబడి నీటిబొట్లు కడుతుంది. కట్టేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ వేడే మబ్బుని ఇంకా ఇంకా పైకి తోస్తుంది. బాగా ఎత్తున బొట్లు మంచవుతాయి. మంచుపలుకులూ వడగళ్ళూ ఒకదాన్నొకటి రాసుకుని మబ్బులో కరెంటు పుడుతుంది. అది నేల మీదికి దూకేటప్పుడు ఎత్తుగా ఉన్నదాన్నే ఎక్కువగా వెతుక్కుంటుంది. ఇక వానబొట్లతో పాటు పైనున్న చల్లటిగాలి దబ్బున కిందపడి నలువైపులా పరుచుకుంటుంది. మనకి ప్రాణం లేచొచ్చే గాలి అదే. అంటే మబ్బు నెత్తి మీదికి వచ్చేసిందన్నమాట.

పెళ్ళయిన రెండో ఏడు సార్వా, అంటే వానాకాలం పంట, నీట మునిగింది. తిండికైనా విత్తనానికైనా ఎండాకాలంలో కోసే దాళ్వా పంటే దిక్కు. కోసిన వరి పనలు ఎండగానే చేలోనే కుప్ప వేయడం మొదలుపెట్టారు. కంకులు లోపలికీ మొదళ్ళు బయటికీ వచ్చేలా పేర్చి, పైన వాన దిగకుండా మూసేయాలి. అందులో మా ఆయనది చేయి తిరిగిన పని. మా వైపు ఒక పట్టుదల ఉంది: మూత పడని కుప్ప మీంచి మనిషి దిగకూడదు. మబ్బు కనిపిస్తే మిగతా పనులు ఆపేస్తారు, కుప్ప పని మాత్రం రెట్టింపు చేస్తారు.

ఆ రోజు నేను అన్నం క్యారేజీ తీసుకుని వెళ్ళేసరికి కుప్ప రెండు నిలువుల ఎత్తు లేచింది. చుట్టూ కోసేసిన మడులు. తాటిచెట్టు కూడా ఫర్లాంగు దూరం. పైరగాలి ఠపీమని ఆగిపోయింది. వాయవ్యాన మబ్బు కాటుకలా నల్లబడింది.

"మామయ్యగారండీ, ఆయన్ని దిగమనండి. పిడుగు పడుద్దండీ" అన్నాను.

"పడుద్ది, నీకు ఉత్తరం రాసింది మరి! పంట తడిస్తే ఏడాదంతా నీ చదువు వండుకు తింటామా? ఒరేయ్, అందించండ్రా పనలు!"

ఇంతలో చల్లగాలి కొట్టింది. కూలీలు "హమ్మయ్య" అన్నారు. నేను గట్టు మీంచే "ఏవండీ! ఏవండీ!" అని అరిచాను. చేలో పదిమంది మగాళ్ళు, ప్రతివాడూ ఎవరో ఒకరికి ఏవండీయే. ఆయన తిరగనైనా తిరగలేదు.

అప్పుడు పేరు పెట్టి పిలిచాను. కట్టుకున్నవాడి పేరు, పట్టపగలు, పదిమందిలో.

పనలు అందించే చేతులు ఆగిపోయాయి. ఆయన వంగి చూశారు. మొహం జేవురించింది. నిచ్చెన దిగి, గట్టు మీదికి విసవిసా వచ్చి నా చెంప ఛెళ్ళుమనిపించారు. రెండోసారి చెయ్యెత్తారో లేదో కళ్ళు బైర్లు కమ్మాయి, చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. తేరుకుని చూస్తే కుప్ప నడినెత్తి నుంచి మంట. వాన వచ్చి ఆర్పేసరికి సగం బుగ్గయిపోయింది.

బతికించానని ఒక్కరంటే ఒక్కరు అన్నారా? "మొగుడి పేరు నోటంట అంది, పిడుగు దిగింది" అన్నారు ఊరంతా. మామగారైతే ఇంటికొచ్చినవాళ్ళందరికీ అదే వినిపించారు. కుప్ప ఎత్తుగా ఉండడం కాదుట, నా నోరుట! ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. మంచినీళ్ళు కావాలన్నా గోడకి చెప్పేవారు. మా ఆయన మూడోనాటికి నోరు విప్పారు. "ఇంకెప్పుడూ అలా పిలవకు."

"పిలవకపోతే ఏమయ్యేదండీ?" అన్నాను. ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

మళ్ళీ మే నెల వచ్చింది. మళ్ళీ దాళ్వా కుప్ప, పైన ఆయనే. వాయవ్యాన మబ్బు లేచింది, పైరగాలి ఆగింది. నేను క్యారేజీ గట్టు మీద పెట్టి నోరు మూసుకుని నిలబడ్డాను. మామగారు మబ్బుకేసి చూశారు, కొడుకుకేసి చూశారు. తనే దిగమంటే ఏడాదిగా చెప్పిన మాట పదిమందిలో అబద్ధమైపోతుంది; నేను పిలిస్తే నింద నా మీదే ఉంటుంది. నా దగ్గరికి వచ్చి, ఎటో చూస్తూ అన్నారు.

"అమ్మాయ్, ఓ కేకెయ్యమ్మా."

"ఏమనండీ?" తెలిసే అడిగాను.

"నీకు తెలుసు కదా."

"మీరు చెప్పండి మామయ్యగారూ."

ఆయన మళ్ళీ మబ్బుకేసి చూశారు. "పేరెట్టి పిలువు. నా కొడుకు దిగాల."

పిలిచాను. గొంతెత్తి, చేను దద్దరిల్లేలా, మూడుసార్లు. మొదటి కేకకే మా ఆయన నిచ్చెన దిగేశారు. మిగతా రెండూ మామగారి కోసం.