అప్పన్న తాత కత్తికి మా బావ పెట్టిన పదును

మా బావ నెల రోజులుగా వీడియోలు చూసి క్షౌరం కత్తి నూరడం నేర్చుకుంటున్నాడు. ఆన్‌లైన్లో మూడు సానరాళ్లు తెప్పించాడు. రాయిని నీళ్లలో నానబెట్టడం గురించే గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలడు. ఈ రోజు పొద్దున్న నన్ను వెంటబెట్టుకుని, మా వీధి చివర సెలూన్ నడిపే అప్పన్న తాత దగ్గరికి వెళ్లాడు. తాత వద్దంటున్నా వినకుండా, ఆయన తండ్రి వాడిన కత్తి తీసుకుని, "శాస్త్రీయంగా నూరి చూపిస్తాను" అన్నాడు.

వంటింటి చాకులా ఏటవాలుగా పట్టుకుని పావుగంట రుద్దాడు. తర్వాత తన చేతి మీద వెంట్రుకలు గీసి చూశాడు. ఒక్కటీ తెగలేదు, చర్మం మాత్రం దోక్కుపోయింది.

తాత కత్తి అందుకుని వెలుగులోకి తిప్పి చూశాడు. ఆయన ముఖం చూడలేక నేను తల దించుకున్నాను.

"ఏటి బాబూ ఇది? కత్తి వీపూ, అంచూ రెండూ రాయికి ఆనాల. నువ్వు వీపు ఎత్తీసినావు."

"వీడియోలో ఇలాగే ఉంది తాతా."

"అయితే ఆ వీడియో సేతే గెడ్డం గీయించుకో."

తాత తన పాత రాయి ముందు కూర్చుని మధ్యాహ్నం దాకా నూరితే గానీ కత్తి దారికి రాలేదు. బావ క్షమాపణ చెప్పలేదు, కత్తికి ఫోటో తీసుకున్నాడు.

ఇప్పుడే ఆ ఫోటో అతని స్టేటస్‌లో చూశాను. "నెల రోజుల సాధన ఫలితం!" అట. మా అక్క అప్పుడే చప్పట్ల బొమ్మలు కూడా పెట్టేసింది. కింద నేనేం రాయాలో మీరే చెప్పండి. మర్యాదగా ఉండాలన్న షరతు మాత్రం పెట్టకండి.