గుడిసెకే వచ్చిన చుట్టం

కర్నూలులో మా వీధి చివర చీరలకు గంజి పెట్టి ఇస్త్రీ చేసే అంగడి ఒకటుంది. దాని ముందు నుంచి పోయేటప్పుడు ఉడికిన గంజి పుల్లవాసన తగిలితే చాలు, కోయిలకుంట్ల దగ్గరి మా ఊళ్లో, చలికాలపు తెల్లవారుజామున, వీధి పొడవునా చాచి కట్టిన పడుగు దారాల పక్కన నిలబడి ఉంటాను. పెద్దవాళ్లు కుంచెలతో దారానికి గంజి పట్టిస్తుంటే, నేనూ మా చెల్లెలూ ఒకే కంబళి కప్పుకుని, నల్లరేగడి చేల నుంచి వచ్చిన పచ్చిశనక్కాయలు ఒలుచుకు తింటూ, ఎవరి నోట్లోంచి ఎక్కువ పొగ వస్తుందో పందెం వేసుకునేవాళ్లం.

మా నాయన మగ్గం నేసేవాడు, పద్యాలు కట్టేవాడు. ఆయనకు అవి రెండు పనులు కావు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, నూలు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తే లయలోనే పాదాలు కూర్చుకునేవాడు. పద్యం కుదరగానే మగ్గం ఆపి, పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతున్న అమ్మకు వినిపించేవాడు. కాగితం మీద ఏనాడూ పెట్టలేదు. అమ్మకు చదువు రాదు గానీ ఒకసారి వింటే మరిచిపోయేది కాదు. ఆయన ఎక్కడైనా తడబడితే ఆమే అందించేది.

ఆ పద్యాలన్నీ ఓబులేసుకే. ఓబులేసంటే అహోబిలం నరసింహస్వామి. ఏటా చలికాలంలో ఆయన తన పెండ్లికి తానే జనాన్ని పిలవడానికి కొండ దిగి, పల్లకీలో ఊరూరూ తిరుగుతాడు. మా ఊరికి వచ్చే రోజు ఇండ్లు అలికి, ముగ్గులు పెట్టి, నేతికి మెత్తబడిన ఓళిగల వాసనతో వీధి నిండిపోయేది. పల్లకీ మా గడప ముందు ఆగేది. నాయన ఆ ఏటి కొత్త పద్యం చదివేవాడు.

ఒక ఏడు నాయనకు చూపు పక్కల నుంచి పోవడం మొదలైంది. వాకిలి ద్వారబంధానికి భుజం కొట్టుకునేవాడు, అంచు దాకా పోయిన నాడె కోసం తడుముకునేవాడు. ఎవరో చెప్పారని అమ్మ పోసిన ఆకుపసరుకు మంటెత్తి కేకలు పెట్టాడు. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించేసరికే ఆలస్యమైంది. కంటినరం ఎండిపోయిందనీ, పోయిన చూపు ఇక రాదనీ డాక్టరు చెప్పాడు. కొన్నాళ్లకు మిగిలిన వెలుతురూ పోయింది. మగ్గం విప్పి వేరేవాళ్లకు ఇచ్చేశాం, గుంట మట్టితో పూడ్చాం. నాయన నోట పద్యం ఆగిపోయింది. అమ్మ మాత్రం మొక్కని రాయి లేదు.

ఆ చలికాలమూ పల్లకీ వచ్చింది. అమ్మ ఆయనకు ఉతికిన పంచె కట్టించి, చెవిలో గట్టిగానే చెప్పింది: "కండ్లియ్యమని అడుగు. నువ్వడిగితే ఇంటాడు."

నాయన మా చెల్లెలి భుజం పట్టుకుని గడప దాటాడు.

*కొండ వీడి నడచి గుడిసెకే వచ్చిన*
*చుట్టమునకు మొక్కఁ జూపులేల*

అని ఎత్తుకున్నాడు. మిగతా రెండు పాదాలూ తడబడకుండా చదివాడు. పల్లకీ కదిలిపోయింది. అమ్మ చేతిలో హారతి పళ్లెం అట్లాగే ఉండిపోయింది.

"అడగలేదేందయ్యా? ఒక్క మాటకు నీ నోరు నొచ్చుతాండెనా?"

"సమచ్చరమంతా అడిగినానే. ఇంగేమడుగుదు? పెండ్లికి పిలిసేకొచ్చినోన్ని వాకిట్లో నిలబెట్టి, నా బాద చెప్పుకుంటే ఏం మర్యాద?"

"నీకు మర్యాద. మాకు?"

ఆ తర్వాత పల్లకీ వచ్చినప్పుడల్లా అమ్మ తలుపు వేసుకుని లోపల కూర్చునేది. నాయన అరుగు మీద నిలబడి మొక్కేవాడు.

ఆయన కుమిలిపోలేదని నేను చెప్పను. పక్కిళ్ల మగ్గాలకు వేళ్లతో తడుముకుంటూ నూలు కండెలు చుట్టి ఇచ్చేవాడు. ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి, పూడ్చిన గుంట దగ్గర కూర్చుని నేలను పాదాలతో రుద్దుతున్నాడు. చెంపలు తడిగా ఉన్నాయి. అడుగుల చప్పుడుకు నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

"ఏం లేదమ్మా. కండ్లు పోయినా నీళ్లు మాత్రం వస్తాండాయి."

ఆయన అట్లా ఇంకా చాలా ఏండ్లు బతికాడు, పద్యాలు కడుతూనే పోయాడు.

ఇప్పుడు ఊళ్లో మా పాత వీధిలో ఒక్క మగ్గమూ లేదు. పడుగు చాచిన చోట సిమెంటు రోడ్డు పడింది. పల్లకీ వస్తుంది, పద్యం చదివేవాళ్లు లేరు. ఆనాటి పద్యంలో నాకూ చెల్లెలికీ మొదటి రెండు పాదాలే గుర్తున్నాయి. అమ్మకు నాలుగూ గుర్తుండేవి. నాయన పోయాక, ఒంటరిగా ఉన్నాననుకుని బియ్యం ఏరుకుంటూ ఆమె ఆ పద్యం కూనిరాగం తీయడం నేను విన్నాను. అడిగితే మాత్రం, "నాకేం గుర్తు, పో" అనేది. పోయేదాకా అదే మాట. ఆమెతో ఆ రెండు పాదాలూ పోయాయి.