అమాలియా నోరు విప్పని ఊరు

మా అత్తగారు అమాలియా మొండిఘటం. కరగండ పట్నం దగ్గర మా సమష్టి పొలంలో పొడిచే ఎద్దుని కూడా చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చేది. అదే మనిషికి గుమ్మంలో సర్కారు టోపీ కనబడితే చాలు, పిండి చేతులతోనే తలుపు వెనక నక్కేది. నాకు నవ్వొచ్చేది.

సోవియట్ రాజ్యం కూలింది. తాతముత్తాతల కాలంలో వోల్గా ఒడ్డుకి వలసొచ్చిన మా జర్మన్లంతా పెట్టెలు సర్దుకుని జర్మనీ దారి పట్టారు. మా ఆయన వాల్డెమార్‌కీ వెళ్లాలని ఒకటే ఆరాటం. దానికి తల్లి పుట్టిన ఊరు తేలాలి. వోల్గా ఒడ్డున మావాళ్ల ఊళ్లకి రెండేసి పేర్లు. సర్కారు పెట్టిన ఒకే రష్యన్ పేరుతో ఊళ్లు బోలెడున్నాయి. మావాళ్లు పిలుచుకున్న పాత పేరు తెలిస్తేనే తాతముత్తాతలు జర్మనీలో ఏ మూల నుంచి వచ్చారో తేలుతుంది. ఆ పేరు ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు.

"మర్చిపోయానర్రా," అనేది.

"చిన్నప్పటి ఆవుల పేర్లన్నీ గుర్తున్నాయి, ఊరి పేరే మర్చిపోయారా అత్తయ్యా?" అని దెప్పాను.

"ఆవుల పేర్లు చెబితే ఎవర్నీ పట్టుకుపోరే."

నాకు ఒళ్లు మండింది. మమ్మల్ని కదలనివ్వకూడదనే ఈ నాటకం అనుకున్నాను. చివరికి ఒకరోజు బంగాళాదుంపలు తురుముతూ తనే చెప్పింది.

"యుద్ధంలో జర్మన్లమని మమ్మల్ని వోల్గా నుంచి ఇక్కడ తెచ్చి పడేశాక ఒక ఆఫీసరొచ్చాడు లీనా. ఎంత మర్యాదో! ఏ ఊరు మీది, ఇంకెవరున్నారు అని అడిగాడు. మా నాన్న సంబరంగా ఊరి పేరు చెప్పాడు. 'వీడు నా కొడుకండీ' అని మా అన్నయ్య భుజం తట్టి మరీ చూపించాడు. మర్నాడే మా ఊరి మగాళ్లందర్నీ గనులకి తోలుకుపోయారు. ఒక్కడూ తిరిగి రాలేదు."

ఆ తర్వాత నేను నవ్వలేదు. గుమ్మంలో చప్పుడైతే నేనూ ముందు కిటికీలోంచి తొంగిచూసేదాన్ని.

అయినా ఆవిడని పట్నంలో జర్మన్ల ఆఫీసుకి తీసుకెళ్లాం. "ఇప్పుడు ఎవరూ ఎవర్నీ పట్టుకుపోరమ్మా," అని దారంతా వాల్డెమార్ నచ్చజెబుతూనే ఉన్నాడు. లోపల బల్ల దగ్గర ఉన్న ఉద్యోగి చిన్న పిల్ల. కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. ఆ మర్యాద చూసి అత్తయ్య మొహం పాలిపోయింది. బల్ల మీద వోల్గా ఊళ్ల పాత పటం పరిచి, "మీది ఏ ఊరండీ?" అని అడిగింది ఆ పిల్ల.

అత్తయ్య కళ్లు తలుపు వైపే ఉన్నాయి. టీ చల్లారిపోయింది.

"పోనీలే అమ్మా, ఇంటికి పోదాం," అన్నాడు మా ఆయన. తెచ్చిన కాగితాలు మళ్లీ సంచిలో పెట్టేశాడు.

ఆవిడ కొడుకు మొహంలోకి చూసింది. "ష్టైన్‌గ్రాబెన్," అంది. అన్నాక ఆగలేదు. పిండిమర కింది పల్లం, గొర్రెలు దాటే రేవు, పుచ్చకాయల దిబ్బ, అన్నిటి పేర్లూ ఆ పాత యాసలో చెప్పేసింది. ఆ పిల్ల వేలు పటం మీద పరుగెత్తి ఒకచోట ఆగింది.

"దొరికింది! జర్మనీలో హెస్సెన్ నుంచి వచ్చినవాళ్ల ఊరు!"

నా ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్ల నవ్వుతూ మా ఆయన్ని చూపించి, "ఈయన మీ అబ్బాయేగా?" అంది.

"కాదు," అంది అత్తయ్య, అతనివైపు తిరగకుండానే. "నాకు పిల్లల్లేరు. ఇతను బండి తోలే మనిషి. ఆ ఊరి దాన్ని నేనొక్కదాన్నే. ఇతని పేరు రాయకమ్మా."

బల్ల కింద ఆవిడ చెయ్యి కొడుకు కోటు అంచుని గుప్పిట్లో బిగించి పట్టుకునే ఉంది.