ఒరిగిన పోస్టర్ల ఓనో

ఓనోకి ఒక్కటే పిచ్చి. పోస్టరు నిటారుగా ఉండకూడదు.

మిగతా అన్నిట్లోనూ మామూలు మనిషే. వానలో సైకిలు తొక్కుతాడు, కాఫీతో ఒక్క బిస్కెట్టు తిని డబ్బా మూత పెట్టేస్తాడు, డచ్చివాళ్ల గ్రోనింగెన్ ఊళ్లో అందరిలాగే మనసులో ఉన్నది మొహం మీదే అనేస్తాడు. "హార్మ్, నీ కోటు చేపల కంపు కొడుతోంది" అంటాడు. "నీ ఫ్లాస్కులో ఉన్నది కాఫీ కాదు హార్మ్, కాఫీ గిన్నె కడిగిన నీళ్లు" అంటాడు. దాపరికం లేదు. కానీ పోస్టరు దగ్గరికొచ్చేసరికి తల ఓ పక్కకి వాల్చి, కళ్లు చిట్లించి, "ఆహా, ఏం ఒరిగింది!" అని మురిసిపోతాడు.

ఆ పోస్టర్లు అంటించేవాడు హార్మ్. పదో తరగతి మొహం చూడకుండానే బడి మానేసి జిగురు బకెట్టు పట్టుకున్నాడు, ఇంకా దింపలేదు. ముందు పెట్టె ఉన్న సైకిలు మీద కాగితం చుట్టలు, బకెట్టు, పొడుగు కర్ర బ్రష్షు వేసుకుని, ఊళ్లో పోస్టర్ల కోసమే కట్టిన గుండ్రటి సిమెంటు స్తంభాలన్నీ తిరుగుతాడు. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి, ఎప్పుడూ పైకి చూసీ చూసీ మెడ నొప్పి. ఈ మధ్య ఏ నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కూడా తెలియడం లేదు. అయినా ఒక్క గర్వం మాత్రం మిగిలింది. తను అంటించిన పోస్టరు గీత గీసినట్టు ఉంటుంది. తోటి పనివాడు వౌటర్ ఓసారి, "ఈ మట్టం పెట్టి చూసుకో, బుడగ మధ్యలో ఉంటే నిటారుగా ఉన్నట్టు" అని జేబులోంచి తీసిస్తే, "కన్నున్నవాడికి బుడగెందుకురా?" అని తిప్పి పంపేశాడు.

అలాంటివాడికి తగిలాడు ఓనో.

ఓనో తయారుచేసే పోస్టర్లు వేరే రకం. సబ్బులు, సినిమాలు, చెప్పుల తగ్గింపు ధరలు, ఇవేమీ ఉండవు. అక్షరాలతోనే ఏవో ప్రయోగాలు. మూడేళ్ల కిందట మొదటిసారి హార్మ్ చేతికొచ్చిన పోస్టరు మనిషంత ఎత్తు. దాని మీద ఒకే మాట, "మోయ్". ఆ ఊరివాళ్లు ఎదురుపడితే పలకరించుకునే మాట, కుర్రకారు మర్చిపోతున్న మాట. అంతే. కింద ఫోన్ నంబరు కూడా లేదు. కుక్కని తిప్పుకుంటూ వచ్చిన ఒకావిడ చాలాసేపు చూసి, "ఇంతకీ ఏం అమ్ముతున్నారు?" అనడిగింది.

"తెలీదమ్మా. నేను అంటించేవాణ్ణే."

"మరి నాకు మోయ్ అని ఎందుకు చెబుతోంది?"

"మీరు తిరిగి చెబితే ఊరుకుంటుందేమో."

ఆవిడ నిజంగానే స్తంభానికి మోయ్ చెప్పి వెళ్లిపోయింది. కుక్క స్తంభానికి తన పద్ధతిలో తను చెప్పింది.

రెండు రోజులకి ఓనో వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, పొడుగు కర్ర బ్రష్షుకి కోటు తొడిగినట్టున్నాడు. స్తంభం ముందు నిలబడి అద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. తర్వాత హార్మ్ వైపు తిరిగి, అతని మెడని, భుజాన్ని, మోకాళ్లని ఓసారి చూసి అన్నాడు.

"బ్రహ్మాండంగా ఒరిగింది. ఇకనుంచి నా పోస్టర్లన్నీ ఇలాగే అంటించు."

"ఒరగలేదు. నిటారుగా ఉంది" అన్నాడు హార్మ్.

"నిటారుగా కనిపిస్తూనే ఒరగడం! అదే గొప్ప."

"చూడు స్వామీ, నేను ఈ పనిలో..."

"అక్షరం నిటారుగా నిలబడితే ఆర్డరు వేస్తున్నట్టు ఉంటుంది హార్మ్. కాస్త ఒరిగితే, ఎదుటివాడి మాట వింటున్నట్టు ఉంటుంది."

చదువుకున్నవాళ్లతో వచ్చిన చిక్కే ఇది అనుకున్నాడు హార్మ్. వాళ్ల పిచ్చికి కూడా పేరుంటుంది.

తర్వాత అద్దె ఇళ్ల గురించి ఓ పోస్టరు వచ్చింది. ఇంత పెద్ద కాగితంలో అక్షరాలన్నీ ఒక మూలకి, బస్సులో జనంలా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మిగతాదంతా తెలుపు. "ఆ ఖాళీ అంతా ఎవరిది?" అనడిగాడు హార్మ్. "ఇంటి యజమానిది" అన్నాడు ఓనో. హార్మ్ నవ్వలేదు కానీ, ఆ నెల అద్దె కట్టేటప్పుడు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఆ పోస్టరుతోనే హార్మ్ కి ఓ ఆలోచన వచ్చింది. ఒరగాలనే కదా ఈయన గోల, ఒరిగించి పారేద్దాం అని, మనసొప్పకపోయినా, కళ్లు మూసుకున్నంత పని చేసి, కావాలనే ఓ పక్కకి వంచి అంటించాడు. తన కంటికి పోస్టరు తాగి వచ్చినట్టుంది.

ఓనో వచ్చి చూశాడు. ఆకలిగొన్నవాడు బేకరీ అద్దంలోంచి చూసినట్టు చూస్తూ నిలబడిపోయాడు. ఒకసారి చెయ్యి చాపి అంచు మీద వేలితో పైనించి కిందకి రాశాడు కూడా.

"ఇప్పుడు సరిపోయిందా?" అన్నాడు హార్మ్.

ఓనో గట్టిగా నిట్టూర్చాడు. "లేదు హార్మ్. మరీ సూటిగా ఉంది. కావాలని ఒరిగించకు, అబద్ధం అయిపోతుంది. నువ్వు మామూలుగా ఎలా అంటిస్తావో అలా అంటించు."

ఆ సాయంత్రం హార్మ్ బంగాళాదుంపలు చిదుముతూ భార్య ఫెన్నాకి చెప్పుకున్నాడు. "ఆ మనిషికి కళ్లు తిరగబడి పుట్టాయే. నేను ఒరిగిస్తే సూటిగా ఉందంటాడు. సూటిగా పెడితే ఒరిగిందని చంకలు గుద్దుకుంటాడు."

ఫెన్నా ఏమీ అనలేదు. ఫెన్నా ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో చాలా అరుదు. కానీ హార్మ్ అలిసిపోయి ఉన్నాడు, గమనించలేదు.

ఓ వసంతంలో ఓనో ఇంకో పోస్టరు తెచ్చాడు. ఒకే వాక్యం, సగం డచ్చిలో, సగం అరబ్బీలో. ఇంకో స్తంభం మీద సగం పోలిష్‌లో. పూర్తిగా చదవాలంటే పక్కవాణ్ణి అడగాల్సిందే. ఇంత ఓపిక ఎవడికుంది అనుకున్నాడు హార్మ్. కానీ చేపల బజారు దగ్గర చేపలమ్మే లావుపాటాయన, తలకి గుడ్డ కట్టుకున్న ఓ పెద్దావిడ, ఇద్దరూ తలలు ఓ పక్కకి వాల్చి ఆ పోస్టరు చదువుకుంటున్నారు. "నీ సగం నువ్వు చదువు, నా సగం నేను చెబుతా" అంటున్నాడాయన. అందరూ అలా తలలు ఎందుకు వాలుస్తున్నారో హార్మ్ కి అర్థం కాలేదు. మెడలు పట్టేశాయేమో, చలిగాలి కదా.

అంతవరకు బాగానే నడిచింది. ఈ ఏడాది ఆల్బెర్టా బాంబు వేసింది.

ఆల్బెర్టా పోస్టర్ల కంపెనీ నడిపే మనిషి. పనివాళ్లని పిలిచి ఒకటే ముక్క చెప్పింది. స్తంభాలు సగం పీకేసి కరెంటు తెరలు పెడుతున్నారు. వేసవి అయ్యేసరికి సగంమందే ఉంటారు. "నేను ఊరంతా తిరిగి చూస్తా. ఎవరి పని బాగుంటే వాళ్లుంటారు. మొహమాటాలు లేవు."

హార్మ్ లెక్కలు వేసుకున్నాడు. పింఛను ఇంకా దూరం. ఈ వయసులో, ఈ మోకాళ్లతో, బకెట్టు తప్ప ఏమీ తెలియనివాణ్ణి ఎవడు పెట్టుకుంటాడు? పైగా ఊరంతా తిరిగి చూస్తే ఆల్బెర్టాకి ఏం కనిపిస్తుంది? ఈ ఓనోగాడు దగ్గరుండి ఒరిగించిన పోస్టర్లు! నేను సూటిగా పెట్టినవి కూడా ఒరిగాయని ఊరంతా టముకు వేశాడు. నా పేరు నాశనం చేసేది వీడే.

"చెప్పేస్తాను" అన్నాడు ఫెన్నాతో. "ఇక నీ పోస్టర్లు నేను అంటించను అని మొహం మీదే చెప్పేస్తాను."

"ఆదివారం ఆయన పుట్టినరోజు. పిలిచాడుగా" అంది ఫెన్నా.

"అక్కడే చెప్తా."

"కేకు తిన్నాక చెప్పు."

ఫెన్నా నెలల తరబడి దారంతో కుట్టిన బొమ్మకి ఫ్రేము కట్టించింది. సముద్రం మీద తెరచాప పడవ. అది పట్టుకుని వెళ్లారు. గుండ్రంగా వేసిన కుర్చీల్లో అందరూ కూర్చుని ఉన్నారు. ఆ ఊరి పద్ధతిలో ఒక్కొక్కరితో చెయ్యి కలిపి, పుట్టినరోజువాడికీ, అతని చెల్లెలు ఇమ్కెకీ, పక్కింటివాళ్లకీ, అందరికీ శుభాకాంక్షలు చెప్పుకుంటూ వచ్చి హార్మ్ తన కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు చూశాడు ఇంటిని.

బల్ల మీద పెన్సిళ్లు పొడవు ప్రకారం నిలబడి ఉన్నాయి. అల్మారాలో పుస్తకాలు సైనికుల్లా ఉన్నాయి. కేకు ముక్కలు పళ్లేల్లో అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. పక్కింటాయన చెంచా కాస్త అడ్డంగా పెడితే, ఓనో మాట్లాడుతూనే వంగి, దాన్ని సరిచేసి, మళ్లీ మాట అందుకున్నాడు. పాపం, ఆ సంగతి అతనికే తెలిసినట్టు లేదు.

"బొమ్మ ఇప్పుడే తగిలిద్దాం" అంది ఇమ్కె. "హార్మ్ ఉండగా వేరేవాళ్లెందుకు?"

హార్మ్ లేచాడు. ఓనో కుర్చీకి ఎదురుగా ఉన్న గోడకి మేకు కొట్టాడు. ఫ్రేము తగిలించాడు. కింద కాస్త సర్దాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, తృప్తిగా తల ఊపాడు.

కుర్చీల్లో ఉన్న తలలన్నీ మెల్లగా, ఒక్కొక్కటిగా, ఓ పక్కకి వాలాయి.

"పడవ మునిగిపోతోంది" అంది ఇమ్కె.

"అలలున్నాయి" అన్నాడు ఓనో వెంటనే.

"అలలు కాదన్నయ్యా, ఫ్రేమే వంకరగా ఉంది. ఉండు సరిచేస్తా."

"ముట్టుకోకు!" ఓనో అంత గట్టిగా అరవడం హార్మ్ ఎప్పుడూ వినలేదు. "బాగుంది. అలాగే ఉంచు. కాఫీ ఎవరికి?"

హార్మ్ బొమ్మ వైపు చూశాడు. గీత గీసినట్టుంది. మళ్లీ వాలిన తలల వైపు చూశాడు. తర్వాత, ఎందుకో, కిటికీ అద్దంలో తన నీడ కనిపించింది. మెడ కుడిపక్కకి వంగి, చెవి భుజానికి ఏదో రహస్యం చెబుతున్నట్టుంది. ఎన్నాళ్ల నుంచి చెబుతోందో.

కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లాడు. ఇమ్కె అక్కడ గిన్నెలు తోముతోంది.

"మీ అన్నయ్యకి ఒరిగినవంటే ఇష్టం కదూ?" అన్నాడు, గొంతు సవరించుకుని.

"వాడికా?" ఇమ్కె నవ్వింది. "చిన్నప్పుడు వాడి దుప్పటి గీతలు మంచం అంచుకి కలవకపోతే నిద్రపోయేవాడు కాదు. మూడేళ్ల కిందట ఆల్బెర్టా ఫోను చేసింది. మీ పోస్టరు వంకరగా పడింది, క్షమించండి, అంటించినవాణ్ణి తీసేస్తున్నాం అని. వీడు ఇదిగో ఇక్కడే నిలబడి, వంకరగానే అడిగాను, ఆ మనిషి తప్ప ఇంకెవరూ నా పోస్టరు ముట్టుకోకూడదు అన్నాడు. ఫోను పెట్టేసి ఆ పూట సూపు ముట్టలేదు. ఇప్పటికీ చేపల బజారు మీదుగా వెళ్లాల్సొస్తే, అక్కడి పోస్టర్లు చూడలేక చుట్టు తిరిగి వెళ్తాడు." హార్మ్ మొహం చూసి ఆగింది. "ఏం, చెప్పకూడనిదా? నాకెవరూ చెప్పొద్దనలేదే!"

హార్మ్ గదిలోకి వచ్చాడు. ఫెన్నా అతని వైపే చూస్తోంది.

"ఓనో, నీకో మాట చెప్పాలని వచ్చాను."

"చెప్పు."

"పుట్టినరోజు శుభాకాంక్షలు."

"అది వచ్చేటప్పుడే చెప్పావు."

"నీకు చెవులు కూడా సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూద్దామని."

ఇంటికి వెళ్తూ దారిలో అడిగాడు. "మన ఇంట్లో నేను తగిలించినవి?"

"నువ్వు పనికి వెళ్లాక సరిచేస్తాను."

"అన్నీనా?"

"గడియారం తప్ప. అది అలవాటైపోయింది" అంది ఫెన్నా.

సోమవారం పొద్దున్నే ఆల్బెర్టా ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. ఎలాగూ పోయే ఉద్యోగం, పోయేటప్పుడైనా సూటిగా పోదామని. "నీకో సంగతి చెప్పాలి. నా మెడ వంగిపోయింది. నేను పెట్టేవన్నీ ఒరుగుతాయి. ఇన్నాళ్లూ నాకే తెలీలేదు. ఆ ఓనో అబద్ధం ఆడాడు."

"ఊరంతటికీ తెలుసు. కూర్చో" అంది ఆల్బెర్టా. కంప్యూటరు మీంచి తల ఎత్తలేదు. "మొదట్లో నిన్ను తీసేద్దామనే అనుకున్నా. ఇప్పుడు నాటకాలవాళ్లకి అదే కావాలట. బేకరీవాళ్లకీ అదేనట. ఆఖరికి శవపేటికలవాళ్లు కూడా, కాస్త వంగి ఓదారుస్తున్నట్టుంటుంది, అలా పెట్టించండి అని అడుగుతున్నారు. వౌటర్‌ని పంపితే మట్టం, కొలబద్ద అన్నీ పెట్టి ప్రయత్నించాడు. గాలికి ఊడినట్టొచ్చింది. నువ్వుంటున్నావు. మెడ మాత్రం డాక్టరుకి చూపించుకో." ఒక్క క్షణం ఆగింది. "మరీ బాగుచెయ్యొద్దని చెప్పు."

హార్మ్ ఆ మధ్యాహ్నం, పోస్టరు చుట్టలు తీసుకునే వంకతో ఓనో ఇంటికి వెళ్లాడు. నీ కోసం ఆ పడవ నేనే సరిచేస్తా, ఆ మాత్రం చెయ్యనీ అందామని దారంతా అనుకుంటూ వెళ్లాడు. వరండా కిటికీలోంచి చూస్తే ఓనో తన కుర్చీలో, కప్పు పట్టుకుని, ఎదురుగోడ మీది బొమ్మని ఎంతో హాయిగా చూస్తూ కూర్చున్నాడు. పడవ అలాగే మునుగుతోంది. ఎవరూ ముట్టుకోలేదు.

కుర్చీకి ఒక పక్క కాళ్లు రెండింటి కింద మాత్రం, ఒకదాని మీద ఒకటి పేర్చిన అట్టముక్కలున్నాయి. కుర్చీ సరిగ్గా పడవ ఒరిగినంతే ఒరిగింది.

కాఫీ ఒలికిపోకుండా కప్పుని కాస్త ఎడమకి వంచి పట్టుకున్నాడు ఓనో. హార్మ్ తలుపు కొట్టకుండా, చుట్టలు తర్వాత తీసుకోవచ్చులే అని, సైకిలెక్కాడు.