తెల్లదొర కిరీటం, మా మునుం

రెండువేల రెండో సంవత్సరం. వానలు మొహం చాటేసిన ఏడు. పొదిలి చుట్టుపక్కల పత్తి మోకాలెత్తు కూడా లేవలేదు. మిరపనారు మళ్ళలోనే మాడిపోయింది. పైరు మొలవని ఆ చేలల్లో ఒకరోజు కోట మొలిచింది! నిజం కోట కాదులెండి. చెక్కలూ గోనెపట్టాలూ పెట్టి పైన సున్నం పూసిన సినిమా కోట. దూరాన్నుంచి చూస్తే ఏ రాజుల కాలం నాటిదో అనిపించేది. దగ్గరికి పోయి వేలితో కొడితే డొల్ల చప్పుడు.

నేను కూలి ముఠాకి మేస్త్రిని. ముఠా అంటే కలుపుకీ, పత్తి తీతకీ, మిరపకాయ కోతకీ కలిసి పోయే ఆడోళ్ళ జట్టు. రైతు వచ్చి "కోటమ్మా, రేపు మా చేలోకి మనుషుల్ని తోలుకురా" అంటే తెల్లారేసరికి గట్టు మీద ఉండాలి. ఎవరి పిల్లాడికి జరమో, ఎవరు ఎవరితో మాట్లాడటంలేదో, ఎవరి మొగుడు రాత్రి తాగొచ్చాడో, అన్నీ మేస్త్రి బుర్రలో ఉండాలి. నాకు సంతకం తప్ప రాయటం రాదు. బుర్రలోనే పెట్టుకోవాలి మరి.

నాకంటే ముందు మా ఆయన మేస్త్రి. చీమకుర్తి రోడ్డు మీద రాళ్ళ లారీ కింద పడి పోయాడు. దినాలు అయ్యీ అవగానే ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. మొగుడు పోయినదాని వెనక ఆడోళ్ళు పనికి పోతారా అని. పోయారు! రెండేళ్ళు నా వెనకే నడిచారు. ఆ కరువు ఏడు మాత్రం వాళ్ళకీ దిగులు పట్టుకుంది. పక్కూరి మేస్త్రి అంకయ్య, చీమకుర్తి క్వారీల్లో రాతిచెత్త మోసే పని మాట్లాడుకుని, నా ముఠాని ఎత్తుకుపోదామని ట్రాక్టరేసుకుని తిరుగుతున్నాడు.

"చేలో పని లేని మేస్త్రికి ముఠా ఎందుకే కోటమ్మా?" అన్నాడు మొహం మీదే.

ముఠాలో పెద్దది మరియమ్మ. తనూ దాచుకోలేదు. "కోటమ్మా, నీ మీద కోపం లేదు. ఈ వారంలో ఏదో ఒక పని చూపించు, నీతోనే ఉంటాం. చూపించలేదా, ట్రాక్టరెక్కుతాం. పిల్లల నోట్లోకి ఏదో ఒకటి పోవాలి కదా" అంది.

న్యాయమే. ముఠా ఒకసారి చెదిరిందంటే మళ్ళీ కూడదు. కూడకపోతే నేను మేస్త్రిని కాదు, ఎవరో ఒకరి ముఠాలో చివర నిలబడే కూలిదాన్ని.

అదిగో, అప్పుడొచ్చాడు జీపులో ప్రొడక్షన్ మేనేజరు. సినిమావోళ్ళకి తిండీ, బళ్ళూ, మనుషుల్నీ సమకూర్చే మనిషిని అట్టా అంటారు. "అమ్మా, కోటలో జనం కావాలి. రోజూ చేలోకి పోయేటట్టే రావాలి. పౌడరు వద్దు, లిప్‌స్టిక్కు వద్దు" అన్నాడు.

"లిప్‌స్టిక్కెందుకు బాబూ, మాకు వక్కాకు లేదూ?" అంది రాజ్యం. ముఠాలో దాని నోరు ముందు, అది వెనక.

కథేంటని అడిగితే మేనేజరు చెప్పాడు. ఓడలోంచి పారిపోయి వచ్చిన తెల్లోడొకడు. చేతిలో పాత గడియారం, వెనక గుండు లేని ఫిరంగి. చప్పుడే గానీ దాన్లోంచి ఏమీ రాదు. వాడొక చిన్నరాజు దగ్గరికొచ్చి, గడియారం చూపించి, నేను ముల్లు తిప్పితేనే పొద్దు గూకుతుంది అంటాడు. రాజు నోరు తెరుస్తాడు. మంత్రి కోట తలుపు తెరుస్తాడు. చూస్తుండగానే తెల్లోడు గద్దె మీద, రాజు గుమ్మం కాడ! జనాన్ని నవ్వించే సినిమా అట.

"ఇందులో నవ్వటానికేముందయ్యా? మొన్న మా ఊరికి పురుగుమందు అమ్మేవాడు అచ్చం ఇట్టానే వచ్చాడు" అంది మరియమ్మ.

తెల్లోడి వేషం వేసినాయన పేరు రాబర్టు గారు. నిజంగా తెల్లగానే ఉంటాడు, పిల్లికళ్ళు. మేం భయపడి దూరంగా నిలబడితే ఆయనే వచ్చి, "ఏం పిన్నీ, క్యారేజీలో గోంగూరేనా? రవ్వంత పెట్టు" అన్నాడు. మా గుండెలు జారిపోయాయి! గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్ అట. ఆ మనిషికి తెలుగు మనకంటే బాగా వచ్చు. సినిమాలో మాత్రం తెలుగు రానట్టు ముక్కలు ముక్కలుగా మాట్లాడాలి. పాపం, దానికే చెమటలు పట్టేవి.

ఇక మొదటి రోజు పని. తెల్లోడు ఫిరంగి పేలుస్తాడు, మేం హడలిపోయి తలో దిక్కూ పరిగెత్తాలి, ఖాళీ అయిన కోటలోకి వాడు నడిచి పోతాడు. అంతే. డైరెక్టరు కుర్రాయన. అరిచి అరిచి గొంతు పోయింది. మైకులో "యాక్షన్" అన్నాడు. అంటే మొదలుపెట్టమని. ఢాం! మేం పరిగెత్తాం.

"కట్! కట్! ఏంటమ్మా అది? పారిపోతున్నారా, పెరేడ్ చేస్తున్నారా?"

నాకర్థం కాలా. ఆయనే పిలిచి చిన్న టీవీలో చూపించాడు. చూసి నేనే నోరు నొక్కుకున్నా. తాడు పట్టి లాగినట్టు అందరం ఒకటే వరస! నడుములు కొంచెం వంచి, ఒకరి పక్కన ఒకరం, అంగుళం ముందుకీ వెనక్కీ లేదు.

అది మునుం. చేలోకి దిగితే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వరసగా నిలబడతాం. మనిషికి రెండు సాళ్ళు. అందరం ఒకేసారి వంగి, ఒకేసారి జరుగుతూ పోవాలి. ముందుకి పోతే "ఏమ్మే, రైతు నీకేమన్నా చుట్టమా?" అని దెప్పుతారు. వెనకబడితే నీ సాలు పక్కది అందుకుంటుంది. అంతకంటే సిగ్గు ఇంకోటి లేదు. చిన్నప్పట్నుంచీ అట్టా నడిచిన కాళ్ళు. భయపడమంటే భయపడ్డాయి గానీ వరస తప్పలా.

"మే, చెదిరిపోండే!" అని నేనూ అరిచా. రెండో టేకు. టేకంటే అదే పని మళ్ళీ మొదట్నుంచీ చేయటం. కాస్త దూరం చెదిరారు. అంతలోనే ఎవరి సాలు వాళ్ళు వెతుక్కుంటూ వరసలోకొచ్చేశారు. అందరికంటే ముందున్న రాజ్యం ఠక్కున ఆగిపోయింది.

"నువ్వెందుకాగావమ్మా? వెనక ఫిరంగి పేలుతోంది!" అన్నాడు డైరెక్టరు.

"మరియమ్మ వెనకబడింది కదండీ."

మూడోసారి నేనే ఒక ఉపాయం చెప్పా. "కందిరీగలు లేచాయనుకోండే!" అన్నా. ఢాం అనగానే ఒక్కతీ పరిగెత్తలా. అందరూ ముసుగులేసుకుని దభాల్న బోర్లా పడుకున్నారు. కందిరీగలు లేస్తే మేం చేసేది అదేగా మరి! డైరెక్టరు నెత్తిమీద టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

మేనేజరు ఆయన చెవిలో చెప్పినా నాకు వినపడింది. "సార్, వీళ్ళని పంపించేద్దాం. హైదరాబాదు నుంచి జూనియర్ ఆర్టిస్టులు రేపటికి దిగుతారు." జూనియర్ ఆర్టిస్టులంటే సినిమాల్లో గుంపుగా కనపడటమే పనిగా బతికేవోళ్ళు.

టీ కొట్టు కాడ ట్రాక్టరు మీద కూచుని అంకయ్య కేకేశాడు. "ఏమే, పరిగెత్తటం కూడా రాదా మీకు? రాళ్ళు మోయటానికి పరుగులక్కర్లేదు, రండి రండి!" వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరు ముగ్గురు క్యారేజీలు సర్దుకుంటున్నారు. మరియమ్మ నా వైపు చూడకుండా చెప్పులు వెతుక్కుంటోంది.

పోయి డైరెక్టరు ముందు నిలబడ్డా. "అయ్యా, వాళ్ళు కావాలని చేయటంలా. మా కాళ్ళకి మునుం ఒకటే తెలుసు. ఇంకో పని చెప్పండి, చేస్తాం. నీళ్ళు మోయమన్నా మోస్తాం. ఇవాళ పంపించారంటే ఇక నాకు ముఠా ఉండదు" అన్నా. ఏడవలేదు.

"మునుం అంటే?" అన్నాడాయన.

చెప్పా. చెప్తుంటే రాబర్టు గారు కిరీటం చంకలో పెట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. వేళ్ళకి ఇంకా గోంగూర అంటుకునే ఉంది. అంతా విని, "డైరెక్టర్ సాబ్, నేను దొంగోణ్ణి కదా? జనం పారిపోతే నాకు హాయి. ఫిరంగి పేల్చినా తలెత్తకుండా ఈ పిన్నులందరూ ఇట్టా వరసగా నా మీదకే వస్తే, నేను నిలబడతానా?" అన్నాడు.

డైరెక్టరు నా వైపు చూశాడు, కోట వైపు చూశాడు, నేలమీద టోపీ తీసి దులిపి పెట్టుకున్నాడు. పంపించేస్తున్నాడనే అనుకున్నా. ఒక్క గంతేశాడండీ! ఆ పోయిన గొంతుతోనే "పరుగులు క్యాన్సిల్! రేపు పట్టాభిషేకం!" అని అరిచాడు.

మర్నాడు తెల్లోడు కిరీటంతో గద్దెనెక్కే ఘట్టం. కోట ముందు తివాచీలు, దిండ్లు, టోపీల్లో ఈకలు పెట్టుకున్న సిపాయిలు, నడిమధ్యన గద్దె. మేం అటు చివర గట్టు మీద.

"మీరు కోతకి వచ్చినట్టే ఒడి కట్టుకోండి. ఏరుకుంటూ గద్దె దాకా రండి" అన్నాడు డైరెక్టరు.

"ఏం ఏరాలండీ? మిరపకాయల్లేవుగా" అన్నా.

"చేతికి ఏదొస్తే అది."

"ఏదొస్తే అదా!" రాజ్యం కళ్ళు టార్చిలైట్లయ్యాయి.

"ఏదొస్తే అది. ఒడిలో వేసుకుని ముందుకి రండి. కానీ ఒకటే టేకు. ఈకలు పీకాక మళ్ళీ అంటించలేం."

మనిషికి రెండు సాళ్ళ లెక్కన నిలబడేసరికి గద్దె నాకెదురుగా వచ్చింది. నా సాలులో కిరీటం! మనసులో పీకింది. పట్టాభిషేకం వేళ, మొగుడు పోయినదాన్ని, నేను ముట్టుకోవచ్చా? పక్క సాలులో ఉన్న రాజ్యంతో మెల్లగా అన్నా, నువ్వు ఇటు రావే అని.

"దొంగరాజుకి శకునమేందక్కా? లాగి పారెయ్!" అంది. చుట్టూ అందరూ కిసుక్కుమన్నారు.

యాక్షన్ అన్నాడు. ఢాం! ఈసారి మందు ఎక్కువ కూరారేమో, తెల్లటి పొగ కమ్మేసింది. నా చెయ్యే నాకు కనపడటంలా. వంగి అడుగేశా. ఇంకో అడుగు. రోజూ అయితే ఓరకంట చూసి తలలు లెక్కపెట్టుకునేదాన్ని. ఇప్పుడెట్టా చూసేది? వస్తున్నారా, ఆగారా? ఆ పొగలో ట్రాక్టరు దగ్గరికి పోయినా నాకు తెలియదు. అప్పుడు వినపడింది, గాజుల చప్పుడు. కుడిపక్క గలగల. ఎడంపక్క గలగల. నా చేతులకి గాజులు లేవు. వినపడేవన్నీ వాళ్ళవే! ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే వరస.

ఇక నాకు పట్టపగ్గాల్లేవు. పొగ విడిచేసరికి తివాచీలు చుట్టేస్తున్నాం, దిండ్లు ఒళ్ళోకేస్తున్నాం. సిపాయిల ఈకలు మిరపలో తాలుకాయలు ఏరినట్టు ఏరేస్తున్నారు మావోళ్ళు. మరియమ్మ సాలులో మంత్రి వచ్చాడు. ఆయన దగ్గర ఏమీ లేదాయె. పైకీ కిందికీ చూసి, అంటించిన మీసం పట్టుకు పీకి ఒడిలో వేసుకుంది! "అమ్మో!" అన్నాడాయన. నటన కాదది, నిజంగానే మండింది. ఒక్కతీ నవ్వలా. కోతలో నవ్వితే చెయ్యాగుతుంది.

నేను గద్దె దాకా వచ్చా. రాబర్టు గారు కళ్ళు ఉరుముతూ ముక్కల తెలుగులో "హేయ్, ఆగు, నేను రాజు" అన్నాడు. నేను కాయ తుంచినట్టు తుంచా. కిరీటానికి విగ్గుని పిన్నులతో బిగించారట, నాకేం తెలుసు? కిరీటమూ విగ్గూ రెండూ ఊడొచ్చాయి! "ఓయమ్మా! నిదానం పిన్నీ, పిన్ను గుచ్చుకునింది!" అని కేకేశాడాయన, అచ్చమైన గుంతకల్లు తెలుగులో. బట్టతల మీద ఎండ తళుక్కుమంది. నేను రెండూ ఒడిలో వేసుకుని, తల తిప్పకుండా ముందుకి పోయా. మునుం అటు గట్టుకి చేరింది.

కట్ అనేవాడు కట్ అనటం మర్చిపోయాడు. నేలమీద కూచుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. లైట్లు మోసేవోళ్ళు ఈలలేశారు.

సాయంత్రం అంకయ్య ట్రాక్టరు స్టార్టు చేసి, "ఏం, వస్తున్నారా?" అన్నాడు.

మరియమ్మ ఆ మీసం తన పెదవి మీద పెట్టుకుని అతని ముందుకి పోయింది. "మాకు ఇక్కడ ఇంకా కోట కోయాల్సుంది మేస్త్రీ. నువ్వు పో!"

కోట పడగొట్టేదాకా మాకు అక్కడే పని. ఆ తర్వాత ఒకట్రెండు వానలు పడ్డాయి, ఆలస్యంగా వేసిన శనగ కలుపుకి పిలుపులొచ్చాయి. ముఠా నిలబడింది. సినిమా పేరు రెండుమూడుసార్లు మార్చి చివరికి పొదిలిలో ఆడించారు. ఎక్కువ రోజులు ఆడలేదు. మా ముక్క మాత్రం వచ్చినప్పుడు హాలంతా లేచి నిలబడి అరిచింది, కాగితాలు ఎగరేసింది! రాబర్టు గారి గుంతకల్లు కేకని అట్టాగే ఉంచేశారు.

ఆ తర్వాత ఇన్నేళ్ళూ మేస్త్రిగానే చేస్తున్నా. ఎన్నో కోతలు, ఎన్నో చేలు. ఆ పట్టాభిషేకం నాకు నేర్పింది ఒకటే. మేస్త్రి కళ్ళు వెనక ఉండాలనుకునేదాన్ని, ఎవరు జారుకుంటారో, ఎవరు ఆగుతారో చూసుకుంటూ. ఆ రోజు నుంచి చేలో దిగాక పక్కకి చూడటం మానేశా. వంగుతా, అడుగేస్తా. చెవులు మాత్రం తెరిచి ఉంచుతా.