ఏడో ట్యాంకు దగ్గర ముక్కమ్మ మాట

ఆమెకు ముక్కమ్మ అని పేరు పెట్టినవాడు ట్యాంకుల మేస్త్రి. పెట్టిన కొత్తలో ఆమెకు ఒళ్ళు మండి వారం రోజులు అతనితో మాట్లాడలేదు. తర్వాత ఆ పేరే ఖాయమైపోయింది. హాజరుపట్టీలో తన పేరేమని ఉందో జీతం రోజున సంతకం పెట్టేటప్పుడు తప్ప ఆమెకే గుర్తొచ్చేది కాదు.

వైన్ ఫ్యాక్టరీలో ఆమె పని అతిథుల హాల్లో గ్లాసులు కడగడం. బస్సుల్లో జనం దిగేవారు. మనిషికి ఆరు గ్లాసులు, పొడుగు కాడ, కాగితమంత పల్చని అంచు. సబ్బు తగిలితే రుచి చెడుతుందని ఉత్త వేడినీళ్ళతోనే కడగాలి. ఒక్క వేలిముద్ర మిగిలినా మేనేజరు ఆ గ్లాసును దీపానికెత్తి చూపించి అందరిముందూ పరువు తీసేవాడు. అలా పదకొండేళ్ళు. మొదటి రెండేళ్ళూ వైన్ అంటే ఆమెకు గ్లాసు అడుగున మిగిలే మరక, అంతే.

మధ్యాహ్నం భోజనాల వేళ ఖాళీ సీసాల షెడ్డు వెనక ఇద్దరు మగాళ్ళు గుసగుసలాడుకోవడం చూసి ఒకరోజు ఆమె తొంగిచూసింది. ఒకడు ట్యాంకులు కడిగే ముఠాకు పెద్ద, మేస్త్రి. రెండోవాడు ముప్పై ఏళ్ళుగా లేబుళ్ళ యంత్రం దగ్గర నిలబడి నడుం వంగిపోయిన లేబుల్ బాబాయ్. లేబుల్ వంకరగా పడ్డవీ, నిండా నిండనివీ, అమ్మకానికి పనికిరాని సీసాలన్నీ కాలవలో పారబోయడం బాబాయ్ పనే. పారబోసేముందు ఒక చెంచాడు వాళ్ళు రుచి చూసేవాళ్ళు.

చెంచా అంటే చెంచానే. నోట్లో పోసుకుని, తిప్పి, ఉమ్మేసి, మాట చెప్పాలి. మింగితే మూడో చెంచాకల్లా నాలుక మొద్దుబారుతుందని మేస్త్రి పెట్టిన కట్టుబాటు.

“తాగేవాడికి ఏ సీసా అయినా ఒకటే. మనకి తేడా తెలియాలి” అన్నాడు మేస్త్రి, ఆమెకు చెంచా అందిస్తూ. “పట్టు. పోలీసులకి చెప్పకు.”

“చెప్తే నాకేమిస్తారు?”

“ఇంకో చెంచా” అన్నాడు బాబాయ్.

ముగ్గురికీ మూడు పిచ్చులు. బాబాయ్‌కి తీపి వైన్లు కావాలి. “ఎండుద్రాక్ష మూట విప్పినట్టుందమ్మాయ్, ఒట్టు” అంటూ ఊరించేవాడు. మేస్త్రికి వగరు కావాలి, కొత్త చెప్పు కరిచినట్టు కరవాలి. హాల్లో అతిథులు మఖమల్ అనీ సంగీతమనీ ఏవేవో అనేవారు. వాటిని ముక్కమ్మ మోసుకొచ్చి చెబితే ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వేవారు.

ఉత్తరపు వాలులో కాసే పళ్ళతో చేసే తెల్ల వైన్ ఒకటుంది. అది చూడమని మేస్త్రి ఆమెకు రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ ఆమె పెదవి విరిచింది.

“నీళ్ళలా ఉందన్నా.”

“గ్లాసులు కడిగేదానివి, నీకన్నీ నీళ్ళలాగే ఉంటాయి. కళ్ళు మూసుకో. బళ్ళో ఎప్పుడైనా పలక తుడిచావా?”

మూడోసారి కళ్ళు మూసుకుంది. ఉమ్మితో తుడిచిన పలక వాసన, ఆరీ ఆరని తడి. నాలుగో తరగతిలో ఆమెను బడి మాన్పించారు. చాలాసేపు కళ్ళు తెరవలేదు. మేస్త్రి జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, ఎవరు ఏ వైన్ చెప్పారు, ఎవరికి నచ్చింది అని రాసుకునే పేజీలో ఆమె పేరు ఎదురుగా ఒక టిక్కు కొట్టాడు.

ఆ రోజు నుంచి ఆమె ముక్కు తెరుచుకుంది. ఏడాది తిరిగేసరికి గురువులకే పంగనామాలు పెట్టే శిష్యురాలైంది. పీపాలో పుల్లబారుతున్న సరుకును కంపెనీ లాబొరేటరీకన్నా రెండు రోజులు ముందే పసిగట్టేది. మేస్త్రి నోటుబుక్కులో ఆమె చెప్పినవాటికి టిక్కులే తప్ప ఇంటూలు లేవు. “నువ్వు చెబితే నేను కళ్ళు మూసుకుని నోట్లో పోసుకుంటా” అనేవాడు. పాడు కాలం ఎలా వస్తుందో ఎవరికి తెలుసు, ఆ మాట అన్నప్పుడు ముగ్గురూ నవ్వారు.

ద్రాక్ష కోతల కాలం వచ్చిందంటే ట్యాంకులు ఉడుకుతున్న కుండల్లా పొంగుతాయి. రసం పొంగి పులిసేటప్పుడు అందులోంచి చెడుగాలి పుడుతుంది. రసం తోడేశాక అడుగున మిగిలిన పిప్పిని మనిషి దిగి పారతో ఎత్తిపోయాలి. దిగేముందు మేస్త్రి ఒక డబ్బాలో కొవ్వొత్తి వెలిగించి తాడుతో కిందికి వదిలేవాడు. ఆరిపోతే దిగడు. తన తండ్రి నేర్పిన పద్ధతి అది. పద్దెనిమిదేళ్ళు ఒక్క మనిషి పోలేదు.

ఆ ఏడు ఇన్సూరెన్సు వాళ్ళు వచ్చి నిప్పు వాడకూడదన్నారు. గోడకు బోర్డు తగిలించారు. కొవ్వొత్తి బదులు గాలిని కొలిచే మీటరు ఇచ్చారు. అది నెలకే చెడింది. బాగుచేయించడానికి పంపామన్నారు. కోతలు మొదలయ్యాయి, మీటరు రాలేదు. అడిగితే సూపర్‌వైజరు నవ్వాడు.

“మన దగ్గర ముక్కమ్మ ఉండగా మీటరు దేనికయ్యా?”

నవ్వుతూ అన్న మాటే నాలుగు రోజుల్లో పద్ధతైపోయింది. కొవ్వొత్తి వద్దన్నవాడు, మీటరు ఇవ్వనివాడు, ట్యాంకు మాత్రం సాయంత్రానికి ఖాళీ కావాలన్నాడు. ఇలాంటి లెక్కలు పైనుంచి కిందికే వస్తాయి. కిందివాడి దగ్గర ఆగిపోతాయి.

ముక్కమ్మకూ మేస్త్రికీ ఒక నమ్మకం ఉండేది. పొంగుతున్న ట్యాంకు మూత మీద ముఖం పెడితే ఆ గాలి ముక్కును సూదితో పొడిచినట్టు పొడుస్తుంది. అందుకని చెడుగాలి ఎక్కడున్నా పొడుస్తుందనుకున్నారు. అంత వాసన తెలిసినవాళ్ళు కాబట్టే చేయగల తప్పు అది. ఇన్నేళ్ళలో వాళ్ళకు అది తప్పని చెప్పినవాళ్ళు లేరు. శిక్షణ ఇచ్చామని కాగితమైతే ఉంది, కింద వాళ్ళ సంతకాలూ ఉన్నాయి.

మూడు ట్యాంకులు బాగానే గడిచాయి. నాలుగోది ఏడో నంబరు ట్యాంకు. ఉదయం పదింటికి కబురొస్తే తడిచేతులు గౌనుకు తుడుచుకుంటూ ఆమె ఇనప నిచ్చెన ఎక్కింది. పైమూతలోంచి తల పెట్టి గట్టిగా పీల్చింది.

“పిప్పి వాసనే అన్నా. ఇంకేం లేదు.”

“పొడవట్లేదుగా?”

“లేదు.”

“అయితే నీ మాటే మీటరు” అని అతను దిగాడు.

పార మూడుసార్లు చప్పుడైంది. నాలుగోసారి కాలేదు.

ఒకడు దూకబోతే ముఠావాళ్ళే నడుం పట్టి ఆపారు. పక్కతలుపు బోల్టులు ఊడదీసి అతన్ని బయటికి లాగేసరికి నలభై నిమిషాలు పట్టింది. అప్పటికి చేసేదేమీ లేదు. అగ్నిమాపక సిబ్బందిలో ఒక పెద్దాయన చేతి తొడుగులు విప్పుకుంటూ ఆమెతో మామూలుగా అన్నాడు, “ఆ గాలి గాలికన్నా బరువమ్మా. అడుగున కూర్చుంటుంది. దానికి వాసనుండదు. పైన నిలబడి చూస్తే ఏం తెలుస్తుంది?”



మూడో రోజుకు ఫ్యాక్టరీ అంతా ఒక మాట పాకింది. మేస్త్రి తాగి పడ్డాడట. జేబులో నోటుబుక్కు దొరికింది, నిండా వైన్ల పేర్లే. బట్టలనిండా వైన్ వాసన. పిప్పిలో పడ్డవాడి బట్టలు వైన్ వాసన రాక అత్తరు వాసన వస్తాయా? ఆ ప్రశ్న అడిగేవాడు లేడు. రక్తపరీక్ష చేయించమని అడిగినవాడూ లేడు.

విచారణకు ముందురోజు సూపర్‌వైజరు గ్లాసులు కడిగే తొట్టె దగ్గరికొచ్చాడు.

“నువ్వు నిచ్చెనెక్కినట్టు ఎక్కడా రాయలేదు. నిన్ను కాపాడుతున్నాం, అర్థమైందా? అడిగితే ఒక్క మాట చెప్పు. రోజూ తాగేవాడు అను. చాలు.”

సాయంత్రం మేస్త్రి భార్య ముక్కమ్మ ఇంటికి వచ్చింది. ముక్కమ్మ ఆమెను వదినా అని పిలిచేది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“తాగుబోతు చచ్చాడంటున్నారమ్మా. మా పక్కింటావిడ కూడా అదే అంది. పదహారేళ్ళు కాపరం చేశాను, ఒక్కరోజు తూలి ఇంటికి రాలేదు. మీరు చెంచాతో చేసేదేంటో నీకు తెలుసు. నువ్వు చెప్పు. ఆయన పేరైనా మిగలనీ.”

నిచ్చెన సంగతి ఆమెకు తెలియదు. ముక్కమ్మ తల ఊపింది. వదిన వెళ్ళాక ముక్కమ్మ తల్లి మంచంలోంచే అరిచింది, “నోరు మూసుకుని పడుండు. నోరు విప్పితే కూడు పోతుంది, నేరమూ నీ నెత్తికే చుట్టుకుంటుంది.” తల్లి చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

మేడమీద ఆఫీసు గదిలో విచారణాధికారి, పక్కనే సూపర్‌వైజరు. బయట బల్లమీద వదిన. తలుపు ఓరగా ఉంది. ముందు బాబాయ్‌ని పిలిచారు. “నేను లేబుళ్ళు తప్ప ఏమీ చూడను సార్” అని చెప్పి, నేలచూపులు చూస్తూ బయటికొచ్చాడు. రెండు నెలల్లో అతని రిటైర్మెంటు.

ముక్కమ్మ చెంచా సంగతి చెప్పింది. ఉమ్మేయాలన్న కట్టుబాటు చెప్పింది. ఆ రోజు ఉదయం అతను చెంచా కూడా ముట్టలేదని చెప్పింది. కొవ్వొత్తి, బోర్డు, రాని మీటరు, అన్నీ చెప్పింది.

“మరి మీటరు లేకుండా ఎలా దిగాడు?” అధికారి అడిగాడు.

సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. ఆమె అతనివైపు చూడలేదు.

“నన్ను వాసన చూడమన్నారు సార్. చూశాను. ఏం లేదన్నాను.”

“అంటే మీరు చెబితే దిగాడా?”

“దిగమని అనలేదు...” ఆగింది. “అవును సార్. నేను చెబితేనే దిగాడు. నా మాటంటే ఆయనకి అంత గురి.”

బయట బల్ల కిర్రుమంది. మెట్లమీద చెప్పుల చప్పుడు కిందికి దిగిపోయింది.

మర్నాడే ఆమెను పనిలోంచి తీసేశారు. కంపెనీ సరుకును అనుమతి లేకుండా రుచి చూసినందుకట. కారణం అచ్చంగా అలాగే రాశారు. లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని దొరికింది. అక్కడ బ్లీచింగ్ ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. ఆమె కట్టుకునేది కాదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం లాండ్రీ గుమ్మంలో వదిన నిలబడింది. చేతిలో విచారణ రిపోర్టు. పలకరింపు లేదు. వేలితో గీత చూపిస్తూ తనే చదివింది.

“మృతుడు మద్యం సేవించినట్టు ఆధారాలు లేవు.” కాస్త ఊపిరి తీసుకుంది. “సహోద్యోగి ఇచ్చిన తప్పుడు సలహా మేరకు లోనికి దిగినట్టు తేలింది.” కాగితం దించింది. “అంతే. మీటరు మాటెక్కడా లేదు. నువ్వు చెప్పావు కదా, నేనూ విన్నాను.”

“చెప్పాను వదినా. రెండుసార్లు.”

“మరి రాయలేదేం?”

 ముక్కమ్మ చేతుల్లోని తడి దుప్పటిలోంచి నీళ్ళు కారుతున్నాయి.

“చూడు” అంది వదిన. “నిన్ను చూస్తే కడుపులో నిప్పు రాజుకుంటోంది. అది ఆరదు. క్షమించానని నా నోటితో అనిపించాలని చూడకు. కానీ నిన్న ఎనిమిదో ట్యాంకులోకి ఇంకొకణ్ణి దింపారట. మీటరు లేకుండానే. పెద్దాఫీసులో అప్పీలు పెట్టాను. సాక్ష్యానికి నువ్వే ఉన్నావు. ఇంకెవరూ రానన్నారు.”

“వస్తాను.”

“మళ్ళీ నీ పేరే ముందు రాస్తారు.”

“రాయనీ వదినా.”

“వదినా అనకు” అంది ఆమె. “రేపు తొమ్మిదింటి బస్సు.”

మర్నాడు ఇద్దరూ ఒకే బస్సెక్కారు. ఆవిడ ముందు సీట్లో కూర్చుని సంచి పక్కన పెట్టుకుంది. ముక్కమ్మ వెనక నిలబడింది, పెద్దాఫీసు వచ్చేదాకా.