సలీం ల్యాప్‌టాప్ వైరు, నా ఎడమకాలు

ఒక మనిషి తన కాలి బొటనవేలితో తన ఉద్యోగాన్ని తానే నొక్కి పారేసుకోవడం మీరెక్కడైనా చూశారా? చూడకపోతే కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ వేలు నాది. పారేసుకున్న ఉద్యోగమూ నాదే. అది దొరికింది మాత్రం సలీంకి. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ చివరి మాట రాస్తుంటే కలం కాగితాన్ని చింపేలా ఉంది, ఏమీ అనుకోకండి.

తొంభైల చివరి రోజులు. నల్లగొండలో కింద టైపు, పైన కంప్యూటరు నేర్పే ఒక మేడ ఉండేది. పై అంతస్తులో నేనూ సలీమూ పాఠాలు చెప్పేవాళ్ళం. ఇద్దరం పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ మీద కూర్చుని ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళం. మార్కులు నాకే ఎక్కువ. ఈ సంగతి కథకు అవసరం లేదు, అయినా చెప్పకుండా ఉండలేను.

మా యజమాని నర్సిరెడ్డి సారు రామన్నపేటలో కొత్త బ్రాంచి తెరవబోతున్నారు. దానికొక ఇన్‌చార్జి కావాలి. ఇన్‌చార్జి అంటే విడిగా ఒక గది, గిర్రున తిరిగే కుర్చీ, తలుపు మీద పేరు. మా ఊరు రామన్నపేట పక్కనే కావడంతో మా బాపు ఆగలేదు. "మా యాదగిరి గా ఆఫీసుకు పెద్దసారు అయితాండు" అని హోటల్లో, మంగలి దుకాణంలో, చివరికి పశువుల దవాఖానలో కూడా చెప్పేశాడు. ఇక ఆ కుర్చీ రాకపోతే నేను ఊళ్ళోకి చీకటి పడ్డాకే వెళ్ళాలి.

సరిగ్గా అప్పుడే షార్జాలో ఉన్న సలీం వాళ్ళన్న వాడికొక ల్యాప్‌టాప్ పంపాడు.

"చూడు యార్, అన్న పంపిండు. వాడిందేగని మంచిగుంది" అంటూ సలీం దాన్ని నా బల్ల మీదే తెరిచాడు. పెళ్ళికూతురి మేలిముసుగు తీసినట్టు తెరిచాడు.

ఏ విషయాన్నైనా అంకెలేసి ఆలోచించడం నా అలవాటు. కడుపుమంటకు కూడా అంకెలేశాను. ఒకటి, బస్సులో ఆ ల్యాప్‌టాప్ పెట్టుకున్న నల్లసంచీ చూసి కండక్టరే లేచి సలీంకి సీటిస్తున్నాడు. రెండు, కింద టైపు నేర్చుకునే అమ్మాయిలు మెట్లెక్కి వచ్చి "సలీం సార్, జర మాక్కూడ చూపియ్యరాదు?" అని అడుగుతున్నారు. అంతకుముందు వారమే నేను ప్రింటరు రిబ్బను ఒంటిచేత్తో మార్చాను. ఒక్కరైనా మెట్టు ఎక్కారా? మూడు... మూడోది చెబితే మీరు నన్ను మరీ చులకనగా చూస్తారు, వదిలేయండి.

పోనీ సలీం పొగరుబోతా అంటే అదీ కాదు. "నువ్వు గూడ ఆడు యార్, నాదైతేంది, నీదైతేంది" అని నా ముందుకే తోసేవాడు. చెడ్డవాణ్ని హాయిగా తిట్టుకోవచ్చు. మంచివాడి మీద అసూయ మాత్రం రోహిణి ఎండల్లో గొంగడి కప్పుకోవడం లాంటిది. ఉడికిపోతుంటాం, ఎందుకని అడిగితే చెప్పుకోలేం.

ఆ ల్యాప్‌టాప్‌లో ఒక కారు పందెం ఆట ఉండేది. బాణం గుర్తుల మీటలు నొక్కుతూ రోడ్డు మీద కారు నడపాలి. కారు గాలిలా పోయేది. నేను కూర్చోగానే పొదలో పడేది. సలీం మాత్రం వారాల తరబడి అలవాటు చేసుకుని, వీణ వాయించినట్టు నడిపేవాడు.

ఒక మధ్యాహ్నం వాడు ఆడుతుండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, లైటు ఆగింది, ల్యాప్‌టాప్ ఆగలేదు.

"అరే, బ్యాటరీ మీద గూడ నడుస్తాంది, చూడు!" అని సలీం పొంగిపోయాడు.

నేను చూసింది వేరు. తెర మసకబారింది. ఇంతసేపూ ఎగురుకుంటూ పోయిన కారు, ఎడ్లబండి వెనక ఇరుక్కున్నట్టు మెల్లబడింది. కారణం నాకు వెంటనే తట్టింది. బ్యాటరీ తొందరగా అయిపోకుండా ఆ యంత్రం తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆటేమో పాతకాలపు కంప్యూటర్ల కోసం తయారైంది కాబట్టి యంత్రం ఎంత వేగంగా ఉంటే కారు అంత వేగంగా పోతుంది. యంత్రం మందగిస్తే కారూ మందగిస్తుంది. ఇదంతా సలీంకి విడమరిచి చెప్పవలసింది. చెప్పలేదు. పొరుగింటి పాలు విరగబోతున్నాయని ముందే తెలిసినవాడిలా లోపల్లోపల చప్పరించుకున్నాను.

ఆ వారమే నర్సిరెడ్డి సారు మమ్మల్నిద్దర్నీ పిలిచారు.

"ఆదివారం రామన్నపేటల రైసుమిల్లు గోదాం కిరాయికి తీసుకున్న. తల్లిదండ్రులు వస్తరు. యాదగిరి, నువ్వు కంప్యూటరంటే ఏందో చెప్పు. సలీం, నువ్వు గా ఆట సూపెట్టు. ఎవని ముచ్చటకు జనం పేర్లు రాయించుకుంటరో, వాడే ఇన్‌చార్జి. సమజైందా?"

నాకు బాగా సమజైంది. సలీం కారు నత్తలా పాకితే చాలు, కుర్చీ నాది.

ఆదివారం గోదాములో బస్తాల మధ్య జనం నిండిపోయారు. ముందుగా నేను లేచి, స్వయంగా గీసిన పెద్ద బొమ్మ గోడకు తగిలించి, భాగాలకు అంకెలతో సహా వివరించాను. మౌసు బొమ్మ కొంచెం వంకాయలా వచ్చిన మాట నిజం. ముందు వరసలో నార్కట్‌పల్లి నుంచి వచ్చిన లారీ డ్రైవరు లచ్చయ్య, ఇంటరు పాసైన తన బిడ్డ సుజాతతో కూర్చున్నాడు. శ్రద్ధగా విని చెయ్యెత్తాడు.

"సారూ, గా వంకాయ ఎందుకు?"

గోదాము గోదామంతా నవ్వింది. నేను కూర్చున్నాను.

తర్వాత సలీం. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, వైరును కింద నేల మీదున్న ఎక్స్‌టెన్షన్ బోర్డులో గుచ్చాడు. ఆ బోర్డు పక్కనే నా కుర్చీ. దేవుడు ఒక్కోసారి మనిషిని చెడగొట్టడానికి సౌకర్యాలన్నీ తానే సమకూరుస్తాడు.

"ఎవరన్న నడుపుతరా?" అని సలీం అడగగానే లచ్చయ్య మీసం తుడుచుకుంటూ లేచాడు. "బొంబాయి దాక లారీ కొట్టినోణ్ని, గిదెంత!" అన్నాడు. కూర్చున్నాడు. మీట నొక్కాడు. కారు రివ్వున పోయి పొదలో పడింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ పొద.

"గిదేం బండయ్యా! బిరేకుల్లేవు, కిలీనర్ లేడు!"

జనం నవ్వారు. బిడ్డ ముందు పరువు పోయిన లచ్చయ్య మొహం గంటుపెట్టుకున్నాడు. "నడు పిల్లా, పోదాం. నాకే రాంది నీకేమొస్తది?" అని చెయ్యి పట్టుకుని లేపాడు. వాళ్ళ వెనక ఇంకొందరు తువ్వాళ్ళు దులుపుకున్నారు.

చదివేవాళ్ళకు ఒక మనవి. ఈ క్షణాన్ని బాగా చూడండి. సలీం ఓడిపోతున్నాడు. తనంతట తానే ఓడిపోతున్నాడు. నేను చేతులు కట్టుకుని, కాళ్ళు కూడా కట్టుకుని, ఊరికే కూర్చుంటే చాలు. కానీ "ఒక్క నిమిషం ఆగుండ్రి, నేను చూపిస్త" అంటూ సలీం తానే కూర్చుని కారును మలుపుల్లో తిప్పుతుంటే, పోయేవాళ్ళలో నలుగురు ఆగి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నా చెవుల్లో మిరపకాయల్లా పడ్డాయి. చెప్పు విడిచాను. ఎడమకాలి బొటనవేలితో బోర్డు మీది స్విచ్చి నొక్కాను.

టక్.

తెర మసకబారింది. కారు మెల్లబడింది. సలీం బిత్తరపోయాడు.

"ఏమైంది సలీం? నిద్రవోయిందా మిషిను?" అన్నారు నర్సిరెడ్డి సారు. నాకు తిరిగే కుర్చీ మీద కూర్చుని ఒక చుట్టు తిరిగినట్టనిపించింది. ఆ సుఖం సరిగ్గా ఒక్క చుట్టే.

గడప దాకా పోయిన లచ్చయ్య వెనక్కి తిరిగి మెడ సాచి చూశాడు. "ఆగు ఆగు. గిప్పుడు మంచిగ పోతాందిగద! జరుగు సార్, జరుగు."

కూర్చున్నాడు. మలుపొచ్చింది, తిప్పాడు. ఇంకో కారు అడ్డమొచ్చింది, నోటితోనే హారను కొట్టి పక్కనుంచి దాటించాడు. "సూసినవా పిల్లా! గిట్ల పోవాలె బండి!" సుజాత తండ్రిని పక్కకు జరిపి తాను కూర్చుని, ఆయన కంటే బాగా నడిపింది. ఒక ముసలమ్మ ముందుకొచ్చి, "గిప్పుడు చెట్లు గూడ అగుపడుతున్నయి బిడ్డా" అని మెచ్చుకుంది. ఇంతసేపూ కంప్యూటరంటే తమకు అందని వస్తువని భయపడ్డవాళ్ళంతా తోసుకుంటూ బల్ల చుట్టూ చేరారు.

"సారూ, ఫస్టు మా సుజాత పేరు రాయి!" అని లచ్చయ్య అరిచాడు. వెనక నుంచి ఇంకో గొంతు, "మా పోరగాంది గూడ!"

అంటే నేను కారును పాడుచేయలేదు. నడిపేవాళ్ళకు అందేలా బాగుచేసి సలీం చేతిలో పెట్టాను. నెమ్మది అంటే నాసిరకం అని నేను లెక్కగట్టాను. అక్కడ కూర్చున్నవాళ్ళకు నెమ్మది అంటే "నాక్కూడా వస్తది" అన్న ధైర్యం. ఈ లెక్క నా డిప్లొమాలో లేదు.

ఇప్పుడైనా బుద్ధిమంతుడైతే కాలు వెనక్కి తీసుకుని చెప్పు తొడుక్కుంటాడు. నేను మళ్ళీ నొక్కాను.

టక్. తెర భగ్గుమంది. లచ్చయ్య అప్పుడే మళ్ళీ ఆటకు కూర్చుని, అందరికీ ఓవర్‌టేకు ఎలా చేయాలో చూపిస్తున్నాడు. కారు కంచెలోంచి దూసుకుపోయింది.

"ఎవడ్రా బండిని గెదిమింది! మంచిగ పోతుంటే!"

నర్సిరెడ్డి సారు కళ్ళు బల్ల మీది నుంచి కిందికి దిగాయి. వైరు వెంట నెమ్మదిగా వచ్చాయి. బోర్డు దగ్గర నా బొటనవేలి మీద ఆగాయి. వేలు ఇంకా స్విచ్చి మీదే ఉంది.

"ఏమయ్యా యాదగిరి, గదేం పని?"

"సార్... అది... వోల్టేజీ..." అన్నాను. మా ఇంట్లో బర్రె దూడకు కూడా నమ్మకం కలగని అబద్ధం.

అప్పుడు సలీం నా కాలు చూశాడు, తెర చూశాడు, మొహం వెలిగిపోయింది. "అరే వాహ్! సార్, గిది యాదగిరి దిమాకు! కరెంటు బంద్ చేస్తే బండి మెల్లగ పోతదని వానికి తెలుసు. జనం ఉరుకుతుండ్రని చూసి, నాకోసం చప్పుడు చెయ్యకుంట బంద్ చేసిండు. గిసొంటి దోస్తు ఎవనికుంటడు సార్!" అని అందరి ముందూ నన్ను కావలించుకున్నాడు.

ఆ కౌగిలింతలో నేను నిజం చెప్పలేకపోయాను, అబద్ధం చెప్పలేకపోయాను, ఊపిరి కూడా ఆడలేదు.

నర్సిరెడ్డి సారు నా మొహాన్నీ, విడిచిన చెప్పునూ మార్చి మార్చి చూశారు. ఆయన ఎంతమందితో వ్యాపారం చేసిన మనిషి! మీసంలోనే నవ్వి తీర్పు చెప్పారు.

"మంచిది. సలీం, రామన్నపేటకు నువ్వే ఇన్‌చార్జి. యాదగిరి, ఇంక మీద మనం ఏ ఊర్ల సూపెట్టినా నువ్వు గూడ పోవాలె. వాడు కుర్చీల కూసుంటడు, నువ్వు కింద స్విచ్చి కాడ కూసో. వాడు సైగ చేస్తే, నువ్వు కాలుతోటి బంద్ చేయి."

నెలల తరబడి అదే నా ఉద్యోగం. పక్క జిల్లాలోని కోస్గి దాకా పోయాం. సలీం పైన చప్పట్లు అందుకుంటుంటే, నేను కింద చెప్పు విడిచి సైగ కోసం కాచుకునేవాణ్ని. వాణ్ని చూసి ఇప్పటికీ కుళ్ళుకుంటాను, దాచేదేమీ లేదు. అయితే ఆనాడే నా ఎడమకాలిని ముందు పెట్టుకుని, స్నానం చేసి, తూర్పుకు తిరిగి ఒక శపథం పట్టాను. ఈ జన్మలో ఎవరి యంత్రానికి కరెంటు తీయవలసి వచ్చినా, తీశాక అది ఇంకా బాగా నడుస్తుందేమో ముందు ఇంట్లో ఒకసారి తీసి చూసుకుని, ఆ తర్వాతే తీస్తాను.